ఉమ్రావ్ సింగ్ ఎవరి సైనికుడు?

హవల్దార్ ఉమ్రావ్ సింగ్ గురించి రాసిన ప్రతివారూ ఒక ఇనుప కడ్డీ దగ్గర ఆగిపోతారు. ఫిరంగి దళంలో బరువులు ఎత్తడానికి వాడే కడ్డీ అది. మన పల్లెల్లో గడ్డపార అంటామే, దానికి దగ్గరి చుట్టం. 1944 డిసెంబరు 15 రాత్రి బర్మాలోని కలదాన్ లోయలో, గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా) నుంచి వచ్చిన ఆఫ్రికన్ సైనికులకు అండగా నిలిపిన రెండు కొండ ఫిరంగుల్లో ఒకదానికి ఆయన నాయకుడు. గంటన్నర సేపు ఫిరంగులతో, మోర్టార్లతో నేలను దున్నేసిన తర్వాత జపాన్ సైన్యం కనీసం రెండు కంపెనీల బలంతో ఆ ఫిరంగి మీదికి వచ్చింది. గ్రెనేడ్ గాయాలతోనే ఆయన తొలి దాడిని తిప్పికొట్టారు. రెండో దాడి ముగిసేసరికి ఫిరంగి దగ్గర ఆయనతో పాటు మరో ఇద్దరే మిగిలారు. మూడో దాడి మొదట్లోనే ఆ ముగ్గురి దగ్గర తూటాలు అయిపోయాయి. అప్పుడు ఆయన చేతికి దొరికింది ఆ కడ్డీ.

ఆరు గంటల తర్వాత మనవాళ్ళు ఎదురుదాడి చేసి ఆ చోటికి చేరుకున్నప్పుడు, తల నిండా గాయాలతో, గుర్తుపట్టలేని స్థితిలో, స్పృహ లేకుండా ఆయన ఫిరంగి పక్కన పడి ఉన్నారు. కడ్డీ మీద పట్టు మాత్రం వదలలేదు. చుట్టూ పదిమంది జపాన్ సైనికుల శవాలు ఉన్నాయి. ఆయన కాపాడిన ఫిరంగి అదే రోజు మళ్ళీ పేలింది. మరుసటి సంవత్సరం అక్టోబరులో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఆరో జార్జి చక్రవర్తి ఆయన ఛాతీ మీద బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ తగిలించాడు.

సాధారణంగా ఈ కథ ఇక్కడితో ముగుస్తుంది. పాఠ్యపుస్తకానికైనా, ఆగస్టు 15న బళ్ళో ఇచ్చే ఉపన్యాసానికైనా ఇంతవరకే కావాలి. కానీ ఆ పతకం అందుకున్న తర్వాత ఉమ్రావ్ సింగ్ మరో అరవై ఏళ్ళు బతికారు. ఆ రాత్రి ఆయన ఏం చేశారో లోకానికి చెప్పడానికి ప్రశంసాపత్రం ఉంది. ఆ అరవై ఏళ్ళూ ఆయన పట్ల రెండు దేశాలు ఏం చేశాయో చెప్పే పత్రం ఏదీ లేదు. ఒక వీరుడి జీవితాన్ని తూచాల్సింది ఆ రెండో లెక్కలోనే అని నా నమ్మకం, ఎందుకంటే మొదటి లెక్క ఆయన ఒక్కడిది, రెండోది మనందరిదీ.

హర్యానాలోని ఝజ్జర్ దగ్గర పల్రా ఆయన ఊరు. యుద్ధం ముగిశాక సైన్యం నుంచి బయటికి వచ్చి, స్వాతంత్ర్యం తర్వాత తిరిగి చేరి, భారత సైన్యంలో సుబేదార్ మేజర్ దాకా ఎదిగి, గౌరవ కెప్టెన్ హోదా పొందారు. పదవీ విరమణ తర్వాత ఆయనకు ఆధారం రెండెకరాల సేద్యమూ పెన్షనూ. విక్టోరియా క్రాస్‌తో పాటు బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే భత్యం కూడా ఉండేది. అది ఏడాదికి 168 పౌండ్లు. నెలకు కాదు, ఏడాదికి. 1995 నాటి మారకం విలువలో లెక్క కడితే నెలకు దాదాపు ఏడు వందల రూపాయలు. పతకంతో పాటు భత్యం ఇవ్వడమన్నది 1856లో విక్టోరియా క్రాస్ పుట్టినప్పుడే ఉంది. ఆఫీసర్ల కింది హోదాలో ఉన్న సైనికుడికి అప్పుడు ఏడాదికి 10 పౌండ్లు ఇచ్చేవారు. అంటే పేద ఇంటి నుంచి వచ్చినవాడు శౌర్యం చూపితే అతని ముసలితనం గంజికి వెతుక్కునే స్థితికి రాకూడదన్న ఆలోచన ఆ పతకంతో పాటే పుట్టింది. ఆ ఆలోచన మంచిది. ధరలు పెరుగుతుంటే అంకెను దశాబ్దాల తరబడి కదిలించకుండా వదిలేయడంతో అది చచ్చిపోయింది.

ఈ సందర్భంలో అందరూ మెచ్చుకుంటూ చెప్పే మాట ఒకటుంది. పతకాల సేకర్తలు పెద్ద మొత్తాలు ఇవ్వజూపినా ఆయన విక్టోరియా క్రాస్‌ను అమ్ముకోలేదు. అమ్మితే తనతో పోరాడి చనిపోయినవారి గౌరవానికి మచ్చ అని భావించారు. ఆయన ఆ మాట అనడం ఆయన గొప్పతనం. దాన్ని మనం పదే పదే చెప్పుకొని మురిసిపోవడం మాత్రం నాకు మింగుడుపడదు. ఎనభైకి చేరువవుతున్న మనిషి, పదిమందితో ఒంటరిగా కలబడిన మనిషి, తన ఛాతీ మీది కంచు ముక్కను అమ్ముకోవాలా వద్దా అని ఆలోచించాల్సిన పరిస్థితి ఎందుకు వచ్చింది అని ఎవరూ అడగరు. పేదరికంలో చూపిన నిగ్రహాన్ని పొగిడేవారు ఆ పేదరికానికి బాధ్యులెవరో అడగకపోతే, ఆ పొగడ్త వీరుడికి ఎంతమాత్రమూ పనికిరాదు.

ఆయన తానే అడిగారు. 1995లో రెండో ప్రపంచ యుద్ధ విజయానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా లండన్‌లో జరిగిన ఉత్సవాలకు ఉమ్రావ్ సింగ్ వెళ్ళారు. ప్రముఖుల కోసం వేసిన గుడారం దగ్గర ఆయనను ఆపేశారు. అక్కడి జాబితాలో ఆయన పేరు లేదు. తలపాగా, కోటు, ఎదపైన పతకాలతో నిలబడిన వృద్ధుడిని కాసేపు అలా బయటే ఉంచారు. ఆ కార్యక్రమ బాధ్యతలు చూస్తున్న సైనికాధికారి ఒకరు ఆ పతకాల వరుసలో మొదటిదేదో గుర్తుపట్టి లోపలికి తీసుకువెళ్ళేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ ఉత్సవాల్లోనే బ్రిటన్ ప్రధాని జాన్ మేజర్‌తో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు ఉమ్రావ్ సింగ్ ఎత్తిన విషయం ఒకటే: ఈ 168 పౌండ్లు ఏమిటి? ఆయన తన ఒక్కడి కోసం అడగలేదు, పతకం పొందిన వారందరి తరఫున అడిగారు. ఆ తర్వాత ఆ భత్యం ఏడాదికి 1,300 పౌండ్లయింది.

నా దృష్టిలో ఆయన జీవితంలోని రెండో సాహసం ఇదే, మొదటిదాని కంటే ఇది తక్కువేమీ కాదు. కలదాన్ లోయలో ఆయన చేతిలో కనీసం ఒక కడ్డీ ఉంది. లండన్‌లో ఆయన వెనుక ఏ ప్రభుత్వమూ లేదు, ఏ సంఘమూ లేదు. విందుకు పిలిచిన ఇంట్లో కూర్చుని ఆ ఇంటి పెద్దను బాకీ అడగడానికి ఎంత గుండె కావాలో, అప్పుసప్పుల మధ్య బతికే మన రైతు ఇళ్ళలో పుట్టినవారికి వివరించాల్సిన పని లేదు. సైనికుడంటే నోరు మెదపకుండా భరించేవాడని, అడిగితే గౌరవం తగ్గుతుందని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. ఉమ్రావ్ సింగ్ ఆ అభిప్రాయాన్ని నిండు సభలో కాదన్నారు. ఆయనకు రావలసింది దానం కాదు, బాకీ. బాకీ అడగడం చేయి చాచడం కాదు.

అసలు ఆ బాకీ తీర్చాల్సింది ఎవరు? ఆయన పోరాడింది బ్రిటిష్ కిరీటం కింద, స్థిరపడింది స్వతంత్ర భారతంలో. లండన్‌కు ఆయన దూరదేశపు మనిషి. ఢిల్లీకి ఆయన పాత ప్రభువుల పతకం పెట్టుకున్న మనిషి. 1983లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది, 2005 నవంబరులో 85 ఏళ్ళ వయసులో కన్నుమూసినప్పుడు పూర్తి సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. ఈ రెండింటినీ నేను తక్కువ చేయను. కానీ అప్పటికి ఆయన విక్టోరియా క్రాస్ పొందిన భారతీయుల్లో బతికి ఉన్న ఆఖరివాడు, ఆ చివరి మనిషితో పాటు ఆ తరం మొత్తం మన జ్ఞాపకం నుంచి జారిపోయింది.

ఎందుకు జారిపోయిందో తెలియాలంటే 1945లో రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. అక్టోబరులో ఉమ్రావ్ సింగ్ లండన్‌లో పతకం అందుకున్నారు. నవంబరు 5న ఢిల్లీ ఎర్రకోటలో, సుభాష్ చంద్రబోస్ నాయకత్వంలో జపాన్ పక్షాన బ్రిటిష్ వారితో పోరాడిన ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులపై విచారణ మొదలైంది. దేశం మనసంతా ఎర్రకోట వైపే ఉంది, ఉండాల్సింది కూడా అటే. నెహ్రూ ఏళ్ళ తర్వాత నల్లకోటు వేసుకుని వారి పక్షాన నిలబడ్డారు. ఆ ఉప్పెనలో, అవతలి వైపు నుంచి పోరాడి వచ్చిన లక్షలాది మంది జవాన్ల కథ వినేవారు లేకపోయారు. వాళ్ళు ఇళ్ళకు చేరి, పెట్టెలో పతకాలు పెట్టి, నాగలి పట్టుకున్నారు. యుద్ధం కోసమే తీసుకుని యుద్ధం కాగానే పంపేసినవారిలో చాలామందికి సర్వీసు చాలక పెన్షన్ కూడా రాలేదు.

వారిని స్మరించడమేమిటి, వాళ్ళు సామ్రాజ్యం కోసం కూలికి పోరాడినవారే కదా అనే వాదన ఉంది. బెంగాల్‌లో 1943 కరవు లక్షల ప్రాణాలు తీస్తున్నప్పుడు ఆ సామ్రాజ్యం చూపిన నిర్దయ అబద్ధం కాదు. మన నాయకులను జైళ్ళలో పెట్టి మన యువకులను యుద్ధానికి పంపిన మాటా అబద్ధం కాదు. అయినా ఆ నేరాలన్నీ పాలకులవే. పల్రాలోని రైతు బిడ్డ ఆనాడు రాజ్యాన్ని ఎంచుకోలేదు, ఉన్న ఒకే సైన్యంలో చేరాడు. ఆజాద్ హింద్ ఫౌజ్ వీరులకు స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ ఇచ్చి దేశం గౌరవించింది, అది న్యాయం. ఒకరిని గౌరవించడానికి మరొకరిని మరవాల్సిన అవసరం మాత్రం లేదు.

పైగా మనకు ఆ సైన్యంతో సంబంధం లేదని చెప్పే వీలే లేదు. 1947 ఆగస్టులో ఆ సైన్యంలో మన వాటానే స్వతంత్ర భారత సైన్యమైంది. అదే అక్టోబరులో కశ్మీర్‌కు విమానాల్లో వెళ్ళి శ్రీనగర్‌ను కాపాడింది బర్మాలో, ఇటలీలో, ఉత్తర ఆఫ్రికాలో యుద్ధం నేర్చుకున్న చేతులే. తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ అంతకుముందు బర్మాలో, ఉమ్రావ్ సింగ్ నెత్తురు చిందించిన ఆ అరాకాన్ ప్రాంతంలోనే పోరాడారు. ఒకే మనిషి 1944లో చేసింది పరాయిదీ, 1947లో చేసింది మనదీ ఎలా అవుతుంది?

ఇప్పుడు ఢిల్లీకి వెళ్ళి చూడండి. 1931లో ప్రారంభమైన ఇండియా గేట్ మొదటి ప్రపంచ యుద్ధంలోనూ మూడో అఫ్గాన్ యుద్ధంలోనూ మరణించినవారి కోసం కట్టినది. దాని పక్కనే 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద స్వాతంత్ర్యం తర్వాత అసువులు బాసిన పాతికవేలకు పైగా సైనికుల పేర్లు ఉన్నాయి; పరమవీర చక్ర పొందిన 21 మంది ప్రతిమలూ అక్కడ ఉన్నాయి. ఆ రెండు కట్టడాల మధ్య నడుస్తుంటే, నడుమ ఒక యుద్ధం మొత్తం కనిపించదు. పాతిక లక్షల మంది భారతీయులు పాల్గొని, 87 వేల మందికి పైగా ప్రాణాలిచ్చిన యుద్ధం అది. ఢిల్లీ కంటోన్మెంట్‌లోని యుద్ధ సమాధుల ఆవరణలో వాళ్ళ కోసం ఒక స్మారకం ఉంది. దాన్ని చూసుకునేది కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ. బర్మాలో రంగూన్ శివారు తౌక్యాన్‌లో, సమాధి కూడా దక్కని దాదాపు 27 వేల మంది పేర్లు రాతి స్తంభాల మీద చెక్కి ఉన్నాయి, వాటిలో మనవాళ్ళవి వేలకు వేలు. అదీ ఆ సంస్థ కట్టించినదే. స్వతంత్ర దేశంగా మనం రాజధానిలో మన చేత్తో వారి కోసం ఎత్తించిన గోడ ఒక్కటీ లేదు.

ఈ నిర్లక్ష్యం గతంతోనే పోయిందనుకోవడానికి లేదు. 1987 జూన్‌లో సియాచిన్ హిమానీనదం మీద 21 వేల అడుగుల ఎత్తున పాకిస్తాన్ ఖాయద్ పోస్టును పట్టుకున్న బానా సింగ్ పరమవీర చక్ర గ్రహీత; ఆ శిఖరానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఆయన సొంత రాష్ట్రమైన జమ్మూ కశ్మీర్ ఆ పతకానికి ఇస్తున్న భత్యం నెలకు 166 రూపాయలని 2006 ప్రాంతంలో పత్రికల్లో వచ్చినప్పుడు దేశం నివ్వెరపోయింది. పక్కనున్న పంజాబ్ లక్షల రూపాయలు, భూమి ఇస్తామని ముందుకు వస్తే, తాను జమ్మూ కశ్మీర్ మనిషినని చెప్పి ఆయన వద్దన్నారు. అక్కడ 168 పౌండ్లు, ఇక్కడ 166 రూపాయలు. పాలకులు మారారు, జెండా మారింది, అంకెను పట్టించుకోని అలవాటు మాత్రం అలాగే మిగిలింది. కేంద్రం 2017 ఆగస్టు నుంచి పరమవీర చక్ర భత్యాన్ని నెలకు 10 వేల నుంచి 20 వేలకూ, మహావీర చక్రకు 5 వేల నుంచి 10 వేలకూ పెంచింది. మంచిదే. కానీ ధరలతో పాటు తనంతట తాను పెరిగే ఏర్పాటు లేనంతకాలం, మళ్ళీ ఎవరో ఒకరు ఏదో ఒక ఉత్సవంలో ప్రధానమంత్రిని అడగాల్సిందే. రాష్ట్రాల సంగతి వేరు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో నేలకొరిగినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆయన కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, ఉన్నత ఉద్యోగం ఇచ్చింది. ఆ ఔదార్యానికి చేతులెత్తి మొక్కాలి. అదే లోయలో అదే రాత్రి పోరాడిన మరో జవాను వేరే రాష్ట్రంలో పుట్టినంత మాత్రాన అతనింటికి చేరే మొత్తం మారిపోవడాన్ని మాత్రం న్యాయమనలేం. సరిహద్దులో నిలబడినప్పుడు అతని రాష్ట్రమేదో శత్రువు అడగలేదు.

బర్మా యుద్ధం మనకు దూరపు సంగతి అనుకునే తెలుగు పాఠకులకు ఒక మాట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసింది విశాఖపట్నం మీద, కాకినాడ మీద. రంగూన్ రేవులో మూటలు మోసి పొట్టపోసుకున్న వేల తెలుగు కుటుంబాలు ఆ ఏడాదే సర్వం వదిలి నడుస్తూ వచ్చాయి.  తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అని పిలవడం వెనుక రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఇళ్ళున్నాయి. మా అమ్మమ్మగారి ఊళ్ళో మా చిన్నప్పుడు ఒక తాత ఉండేవాడు. ఆయన రేకు పెట్టెలో, పొలం కాగితాల అడుగున, పాత జేబురుమాలులో చుట్టిన ఆరు మొనల కంచు నక్షత్రం ఒకటి ఉండేది. దాని రిబ్బను నీలం, మధ్యలో ఎరుపు చార. ఏమిటి తాతా ఇది అని అడిగితే, బర్మాలో ఇచ్చార్రా అని మాత్రం అనేవాడు. చాలా ఏళ్ళ తర్వాత నేను బర్మా స్టార్ అనే పతకం బొమ్మ చూసి ఆ ఇంటికి వెళ్ళి అడిగాను. ఆ పెట్టె లేదు, నక్షత్రమూ లేదు. ఆయన ఏ రెజిమెంటులో పనిచేశాడో ఆయన కొడుక్కే తెలియదు.

అలాంటి ఇళ్ళకు దారి చూపే కాగితాలు మాత్రం ఉన్నాయి. యుద్ధ సమాధుల సంస్థ దస్తావేజుల్లో మన సైనికుల పేర్ల పక్కన చాలాచోట్ల తండ్రి పేరు, ఊరి పేరు, జిల్లా పేరు కూడా రాసి ఉన్నాయి. ఇంగ్లీషు వర్ణక్రమంలో వంకరలు పోయిన ఆ ఊళ్ళ పేర్లలో గోదావరి, విశాఖపట్నం, గుంటూరు జిల్లాల పల్లెలెన్నో ఉన్నాయి. వాటిని విడదీసి, తెలుగులో సరిచేసి, ఏ మండలానికి ఆ మండలం జాబితా తయారు చేయడం ఒక విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకు రెండేళ్ళ పని. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు వాటిని పంచాయతీలకు పంపవచ్చు. ఢిల్లీలో స్మారకం పక్కన ఇంకా ఖాళీ నేల ఉంది, మరో గోడ కట్టాలంటే కేంద్రానికి అడ్డేమీ లేదు. లండన్‌లో ఆ గుడారం దగ్గర ఉమ్రావ్ సింగ్ పేరు జాబితాలో లేకపోయినా ఛాతీ మీది పతకం చూసి లోపలికి పిలిచారు. ఏ పతకమూ లేకుండా తౌక్యాన్ స్తంభాల మీద పేరుగా మాత్రమే మిగిలినవారికి జాబితా ఒక్కటే ఆధారం, దాన్ని రాయాల్సిన వంతు ఇప్పుడు మనది.